మెచ్యూరిటీ అంటే ఏ మెచ్యూరిటీ? తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుని, రిటైరయ్యాక గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట ఇంగ్లిష్ చెప్పుకుంటున్నాను. అప్పట్లో కౌంటర్ దగ్గర రైతులు అడిగిన మాటే ఇప్పుడు క్లాసులో పిల్లలు అడుగుతున్నారు. కాకపోతే అర్థం వేరు. "మెచ్యూరిటీ ఎప్పుడండీ?" అని రైతు డిపాజిట్ సంగతి అడిగేవాడు. "నాకు మెచ్యూరిటీ లేదంటున్నారు సార్" అని క్లాసులో అమ్మాయి ఇంటర్వ్యూ సంగతి చెప్పి కళ్లు తుడుచుకుంటుంది. ఒకే సందేహానికి పదిసార్లు నోరు నొప్పి పుట్టించుకునే బదులు ఒకచోట రాసి పెడదామనిపించింది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మాటతో తొలి పరిచయం

సార్, మెచ్యూరిటీ అనే మాటకు అసలు అర్థం ఏంటి?

పండటం, అదీ సరైన వేళకు పండటం. లాటిన్‌లో "మతూరుస్" అంటే పండినది, వేళకు వచ్చినది అని రెండర్థాలూ ఉన్నాయి. పొద్దుటిపూటను చెప్పే లాటిన్ మాట కూడా దీనికి చుట్టమే. 15వ శతాబ్దం నాటికే ఇది ఇంగ్లిష్‌లో వాడుకలో ఉంది. కాయకు వాడిన మాటను మనిషి బుద్ధికీ, ఆ తర్వాత అప్పు పత్రం గడువుకూ అతికించుకుంటూ వచ్చారు. అన్నిచోట్లా లోపలున్న సంగతి ఒకటే: దేనికైనా ఒక వేళ ఉంది, ఆ వేళ వచ్చింది. ఏ వస్తువుకు ఏ వేళ అన్నది మాత్రం పక్కనున్న మాటలే చెబుతాయి.

తెలుగులో దీనికి ఒక్క మాట చెప్పండి చాలు.

చాలదు. తెలుగు ఇక్కడ ఇంగ్లిష్ కన్నా సంపన్నమైంది, అందుకే ఒక్క మాటతో సరిపెట్టలేం. బెండకాయ ముదురుతుంది. మామిడి పండుతుంది. డిపాజిట్‌కు గడువు తీరుతుంది. ఆడపిల్ల పెద్దమనిషి అవుతుంది. కుర్రాడికి బుద్ధి వస్తుంది. రచయిత శైలి పరిణతి చెందుతుంది. వీటన్నిటికీ ఇంగ్లిష్‌వాడు ఒక్క మెచ్యూరే వాడుకోగలడు.

పత్రికల్లో కనిపించే "పరిపక్వత"లో ఉన్న పక్వం, వంట నుంచి వచ్చిన మాట. సంస్కృతంలో "పచ్" ధాతువుకు వండటం అని అర్థం. మన అరిసెల పాకం కూడా అందులోంచి వచ్చిందే. పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయవుతుంది. మా అమ్మ గిన్నెడు నీళ్లలో ఒక్క చుక్క పాకం వేసి, వేలితో ఉండ చేసి, ఆ ఉండను గిన్నె అంచుకేసి కొట్టి చప్పుడు వినేది. ఆ చప్పుడు వినిపించాకే పిండి పోయమనేది. పరిపక్వత అనే మాటను ఇంతకన్నా బాగా నాకెవరూ చూపించలేదు.

"పరిణతి" దారి వేరు. అది ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారడం. అందుకే మనిషి ఆలోచనకు పరిణతి బాగుంటుంది, కాయకు పక్వం బాగుంటుంది. "ముదురు" జాగ్రత్తగా వాడాలి. కాయకైతే వర్ణన, మనిషికైతే తిట్టు.

మెచ్యూర్ పర్సన్ అనాలా, మెచ్యూర్డ్ పర్సన్ అనాలా?

మనిషికి "మెచ్యూర్ పర్సన్" అనండి. "మెచ్యూర్డ్ పర్సన్" మన దేశంలో బాగా చెల్లుతుంది కానీ బయటివాళ్ల చెవికి కొంచెం కొత్తగా తగులుతుంది. చివర "డ్" ఉన్న రూపం ఒక ప్రక్రియ పూర్తయిందని చెబుతుంది: పాలసీ మెచ్యూర్డ్, ఏళ్ల తరబడి నిలవపెట్టిన చీజ్ మెచ్యూర్డ్. "షీ ఈజ్ వెరీ మెచ్యూరిటీ" అని మాత్రం రాయకండి. మెచ్యూరిటీ గుణం పేరు, మెచ్యూర్ ఆ గుణం ఉన్నవాళ్లకు చెప్పే విశేషణం. తెలుగులో "ఆవిడ చాలా ఓర్పు" అనం కదా, "ఓర్పు గలది" అంటాం. అలాగే ఇదీ.

పలకడం ఎలా? మెచ్యూరిటీ అని రాయాలా, మెచూరిటీ అనా?

ఇంగ్లిష్‌లో బరువు రెండో అక్షరం మీద పడుతుంది, మొదటిది తేలిపోతుంది: మ-చ్యూ-రి-టి. అమెరికన్లలో కొందరు చకారం లేకుండా "మటూర్" అని కూడా అంటారు. మనం మొదటి అక్షరాన్ని "మె" చేసి నొక్కి పలుకుతాం. తెలుగులో మాట్లాడేటప్పుడు అలాగే పలకండి, అది మన మాటైపోయింది. రాసేటప్పుడు పత్రికలు ఎక్కువగా "మెచ్యూరిటీ" అంటున్నాయి, నేనూ అంతే.

## పుట్టుక, ఈడు

డాక్టర్ ప్రీమెచ్యూర్ బేబీ అన్నారు. బిడ్డలో లోపం ఉన్నట్టా?

కాదు. వేళకన్నా ముందు పుట్టాడని అర్థం, అంతే. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను అలా అంటారు. మన ఇళ్లలో "ఏడో నెల పిల్లాడు", "ఎనిమిదో నెల పిల్ల" అంటాం చూడండి, అదే. డాక్టర్లు ఇప్పుడు ఎక్కువగా "ప్రీటెర్మ్" అంటున్నారు, చెవికి అది కొంచెం మెత్తగా ఉంటుంది. ఊపిరితిత్తులు, వెచ్చదనం, పాలు తాగడం విషయాల్లో ఆ బిడ్డకు అదనపు కాపలా కావాలి. ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. బోర్లా పడటం, కూర్చోవడం లెక్క చూసేటప్పుడు పుట్టిన తేదీ నుంచి కాక, పుట్టాల్సిన తేదీ నుంచి నెలలు లెక్కేస్తారు. పక్కింటి పిల్లతో పోల్చి బెంగపడే అమ్మమ్మలకు ఈ ఒక్క ముక్క చెబితే సగం బెంగ తీరుతుంది.

మా అమ్మాయి మెచ్యూర్ అయిందని స్కూల్‌కు ఇంగ్లిష్‌లో సెలవు చీటీ ఎలా రాయాలి?

"మై డాటర్ మెచ్యూర్డ్" అని రాస్తే మన ఊరి టీచరుకు అర్థమవుతుంది. తెలుగు తెలియని ప్రిన్సిపాల్‌కు మాత్రం "మా అమ్మాయికి బుద్ధి వచ్చింది, కాబట్టి వారం సెలవివ్వండి" అని వినబడుతుంది! ఇంగ్లిష్‌వాళ్లు మొదటి నెలసరిని ఆ మాటతో చెప్పరు. నేరుగా "ఫస్ట్ పీరియడ్" అంటారు, శరీరంలో వచ్చే మార్పులన్నిటినీ కలిపి "ప్యూబర్టీ" అంటారు. నన్నడిగితే సెలవు చీటీలో అదేదీ అక్కర్లేదు. "ఇంట్లో శుభకార్యం" అన్నా చాలు, "ఆరోగ్య కారణం" అన్నా చాలు.

ఈ మెచ్యూర్ అవడం అనేది మన దగ్గర తయారైన వాడుక. పెద్దమనిషి అయింది, ఈడేరింది, సమర్తాడింది, రజస్వల, పుష్పవతి అని ఇన్ని మాటలుండగా ఇంగ్లిష్ ఎందుకొచ్చిందంటే, బిడియం. నలుగురిలో తెలుగు మాట అనడానికి నోరు రానప్పుడు పరాయి మాట అడ్డు తెర అవుతుంది. ఆ తెరనే నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ చేసి, అమ్మాయి ఫొటోతో కట్టేస్తారు. బిడియపడి ఎంచుకున్న మాటను బజారులో కట్టడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చిమ్మిలి పెట్టండి, మేనమామ చేత బట్టలు పెట్టించండి, నలుగురూ దీవించండి. ఫ్లెక్సీ వద్దా అని ఒకసారి ఆ పిల్లనే అడగండి.

ఎన్నేళ్లకు మెచ్యూర్ కావడం మామూలు?

పదేళ్ల నుంచి పదిహేనేళ్ల లోపు ఎప్పుడైనా కావచ్చు. ఎనిమిదేళ్లు నిండకముందే శరీరంలో మార్పులు మొదలైనా, పదిహేనేళ్లు దాటినా నెలసరి రాకపోయినా డాక్టరుకు చూపించాలి. ఈ రెంటి మధ్యలో ముందూ వెనకా అయినందుకు కంగారు పడక్కర్లేదు.

మెచ్యూర్ అయితే మేజర్ అయినట్టే కదా?

కానే కాదు. ఈ రెండు మాటలూ ఒకే నోట్లో తిరిగి చాలా అనర్థాలు జరిగాయి. మెచ్యూర్ కావడం శరీరానికి సంబంధించింది, పన్నెండేళ్లకే కావచ్చు. మేజర్ కావడం చట్టానికి సంబంధించింది, 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండాలి. పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలని 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం లెక్క. ఓటు హక్కు మొదట 21 ఏళ్లకు ఉండేది. 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి 18కి దిగింది. "పెద్దమనిషి అయింది, ఇంకెన్నాళ్లు ఇంట్లో పెట్టుకుంటాం?" అనే వాక్యంలో "పెద్దమనిషి" శరీరానిది, "ఇంకెన్నాళ్లు" చట్టానిది. ఆ రెంటికీ మధ్య సాధారణంగా నాలుగైదేళ్ల చదువుంది.

## చదువు, ఉద్యోగం, సంసారం

ఇంటర్వ్యూలో "లాక్స్ మెచ్యూరిటీ" అని రాశారట. నాకు తెలివి లేదనా?

తెలివి మాట అందులో లేదు. తెలివి ఉండి మెచ్యూరిటీ లేనివాళ్లు, చదువు లేకపోయినా మెచ్యూరిటీ ఉన్నవాళ్లు మన వీధిలోనే కనిపిస్తారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు సాధారణంగా చూసేది మూడు నాలుగు సంగతులు. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పగలిగాడా? పాత కంపెనీని తిట్టకుండా ఎందుకు మానేశాడో చెప్పాడా? మాటకు ఎదురు మాట వస్తే ముఖం మాడ్చుకున్నాడా?

మా క్లాసులో ఒక అబ్బాయి మాక్ ఇంటర్వ్యూలో "మీ బలహీనత ఏమిటి" అంటే "నాకేమీ లేవు సార్" అన్నాడు. పక్కనే కూర్చున్న అమ్మాయి "గడువు దగ్గరపడే దాకా పని మొదలుపెట్టను, అందుకే ఈ మధ్య ముందే తేదీ వేసుకుంటున్నాను" అంది. వాడికి మార్కులెక్కువ, ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది. మెచ్యూరిటీ అని వాళ్లు రాసుకునేది ఇలాంటి జవాబునే.

"నీ వయసుకు మించిన మెచ్యూరిటీ" అన్నారు. పొగిడారా, తిట్టారా?

ఎవరన్నారు, ఎలా అన్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంటి బరువు మోస్తున్న పిల్లను చూసి అంటే మెప్పు, అందులో కొంచెం జాలి కూడా ఉంటుంది. పెద్దల మాటల మధ్య తలదూర్చిన పిల్లాణ్ని చూసి అంటే, "పిందెలోనే పండిపోయాడు" అనే మన సామెత లాంటి మాటకు అది ఇంగ్లిష్ ముసుగు.

ఇక్కడో సరదా ఉంది. ఇంగ్లిష్‌లో ఇలాంటి పిల్లల్ని "ప్రికోషియస్" అంటారు. లాటిన్‌లో దాని అర్థం ముందే ఉడికినది, ముందే పండినది అని. అందులోని వంట ధాతువూ, మన పక్వంలోని "పచ్" ధాతువూ ఒకే వేరు నుంచి వచ్చినవి. "ఏప్రికాట్" పండు పేరు కూడా ఆ లాటిన్ మాట నుంచే వచ్చింది. వేసవిలో ముందుగా పండుతుందని ఆ పేరు.

ఇమ్మెచ్యూర్, చైల్డిష్, చైల్డ్‌లైక్: మూడూ ఒకటేనా?

మొదటి రెండూ దగ్గర చుట్టాలు. ఇమ్మెచ్యూర్ అంటే ఇంకా పక్వానికి రాలేదు, వస్తాడనే ఆశ అందులో ఉంది. చైల్డిష్ అంటే చిన్నపిల్లాడి చేష్ట, విసుగుతో అనేది. చైల్డ్‌లైక్ పూర్తిగా వేరు, అది మెచ్చుకోలు: పసిపిల్లల నిర్మలత్వం. "పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ" అన్నప్పుడు మనం చెప్పేది ఇమ్మెచ్యూర్ గురించి. ఆ కాకిలో తప్పేమీ లేదు, దానికింకా దెబ్బ తగల్లేదు.

కొత్త కోడలికి మెచ్యూరిటీ లేదని అత్తగారు అంటున్నారు. ఏం చెప్పాలి?

ఏ పని చూసి అన్నారో అడగండి, మర్యాదగానే. సాధారణంగా ఆ మాట వెనక ఒక చిన్న సంగతి ఉంటుంది: చుట్టాలొస్తే గదిలోంచి రాలేదు, లేదా ఇంటి సంగతి పుట్టింటికి ఫోన్‌లో చెప్పింది. "అత్తయ్యగారూ, మీరు ఏది అనుకుంటున్నారో చెప్పండి" అంటే అది బయటికొస్తుంది, తేలిపోతుంది. పెద్ద మాట వెనక దాక్కుంటే మాత్రం ఏళ్ల తరబడి నలుగుతుంది. వెనకటి అత్తలు "పెద్దంతరం చిన్నంతరం లేదు" అనేవారు. అది ఘాటుగా ఉన్నా, ఏం తప్పు చేశామో తెలిసేది.

యూకేలో అప్లికేషన్‌లో మెచ్యూర్ స్టూడెంట్ అని ఉంది. ఓటీటీలో మెచ్యూర్ కంటెంట్ అంటున్నారు. ఇవేంటి?

అక్కడ డిగ్రీలో చేరేటప్పటికి 21 ఏళ్లు దాటినవాళ్లను మెచ్యూర్ స్టూడెంట్ అంటారు. బుద్ధితో పనిలేదు, పుట్టిన తేదీతోనే పని. మెచ్యూర్ కంటెంట్ అంటే పరిణతి చెందిన కథ అనుకుని మా పెద్దమ్మ ఒకసారి అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. పది నిమిషాలకు రిమోట్ కోసం ఇల్లంతా వెతికాం. అక్కడ ఆ మాటకు "పెద్దవాళ్లకు మాత్రమే" అని అర్థం.

సాఫ్ట్‌వేర్ కంపెనీ "మెచ్యూరిటీ లెవెల్ 5" అని గొప్పగా రాసుకుంది. అదేంటి?

పని చేసే పద్ధతికి వేసే గ్రేడు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సంస్థ తయారుచేసిన కొలమానం, ఐదు మెట్లు. మొదటి మెట్టులో ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తారు. ఐదో మెట్టులో పనిని అంకెలతో కొలుచుకుంటూ పద్ధతిని ఎప్పటికప్పుడు మెరుగుపరుచుకుంటారు. అక్కడి మేనేజరు కోపిష్టా కాదా అన్నది ఆ గ్రేడు చెప్పదు.

## పొలం, తోట

వరి విత్తనాల సంచి మీద "మెచ్యూరిటీ 120 రోజులు" అని ఉంది. నాటినప్పటి నుంచా?

నాటు వేసినప్పటి నుంచి కాదు, నారుమడిలో విత్తనం చల్లిన రోజు నుంచి. ఇక్కడే చాలామంది మూడు నాలుగు వారాలు తప్పు లెక్కేసి కోత మిషన్‌ను ఆలస్యంగా మాట్లాడుకుంటారు. విత్తనం నుంచి విత్తనం దాకా మొత్తం కాలం అది. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, దీర్ఘకాలిక రకం, దాదాపు ఐదు నెలలు తీసుకుంటుంది. మారుటేరు వారి ఎంటీయూ 1010 స్వల్పకాలిక రకం, నాలుగు నెలల్లో కోతకొస్తుంది. సంచి మీది అంకె అంచనా మాత్రమే. చేలో దిగి చూసినప్పుడు కంకిలో 80 శాతానికి పైగా గింజలు గడ్డి రంగుకు తిరిగి గట్టిపడితే కోతకు వచ్చినట్టు. కోసిన వెంటనే గింజలో తేమ 20 శాతం దాటి ఉంటుంది. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం మించకూడదు, కాబట్టి ఆరబోత తప్పదు.

మామిడి మెచ్యూర్ అవడం, పండటం ఒకటే కదా?

రెండూ వేరు, ఈ తేడా తెలియకే వేసవిలో చప్పటి పళ్లు తింటున్నాం. మెచ్యూర్ కావడం చెట్టు మీద జరుగుతుంది: పిందె పెరిగి, టెంక గట్టిపడి, కాయ భుజాలు తొడిమను దాటి పైకి లేస్తాయి. దీనికి పూత నిలిచాక మూడు నాలుగు నెలలు పడుతుంది. పండటం కోశాక కూడా జరుగుతుంది: పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, వాసన వస్తుంది. పక్వానికి వచ్చిన కాయను కోస్తే గడ్డిలో పెట్టినా దానంతటదే పండుతుంది. లేత కాయను కోసి ఏం చేసినా తోలుకు పసుపు రంగు వస్తుంది గానీ రుచి రాదు.

విజయవాడ పక్కన నున్న మామిడి మార్కెట్లో లారీల హడావుడి మధ్య నాకొక పెద్దాయన చూపించిన పరీక్ష ఇది. బకెట్ నీళ్లలో కాయ వేశాడు. పక్వానికి వచ్చింది మునిగింది, లేతది తేలింది. "తేలిందాన్ని రంగేసి అమ్మేవాడు ఉంటాడు బాబూ, కొనేవాడు బకెట్ తెచ్చుకోడు కదా" అన్నాడు. కాయలు పండించడానికి కాల్షియం కార్బైడ్ వాడటం నిషిద్ధం. ఎథిలీన్ వాయువును పరిమితికి లోబడి వాడొచ్చు. కానీ చెట్టు మీద మెచ్యూర్ కాని కాయకు ఎథిలీన్ కూడా రుచి తేలేదు.

ఆవకాయకు కావలసింది మూడోది: టెంక బాగా ముదిరి, కండ మాత్రం పుల్లగా, గట్టిగా ఉన్న కాయ. మెచ్యూర్ అయింది, పండలేదు. కత్తిపీట వేసినప్పుడు టెంక "టక్" మనాలి.

మిర్చిలో తాలు ఎక్కువ వస్తోంది. మెచ్యూరిటీ రాకముందే కోయడం వల్లేనా?

అది ఒక కారణం. చెట్టు మీద పూర్తిగా ఎర్రబారని కాయను కోసి కల్లంలో పోస్తే ఎండాక తెల్లగా, పాలిపోయి తాలు కింద పడుతుంది. తెగుళ్లు, కల్లంలో వాన తడి కూడా అంతే పని చేస్తాయి. అందుకే ఒకే చేలో ఎర్రబడినవాటిని ఎంచుకుంటూ రెండు మూడు కోతలు కోస్తారు. కూలి ఖర్చుకు భయపడి ఒకే కోత కోసినవాళ్లు గుంటూరు యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పగానే ఆ తేడా చూస్తారు. తాలుకు వేరే ధర, అది తక్కువ ధర.

## డబ్బు

ఎఫ్‌డీ మెచ్యూరిటీ ఆదివారం పడింది. వడ్డీ పోతుందా?

పోదు. మరుసటి పనిదినం సొమ్ము ఇస్తారు, సెలవు రోజుకు కూడా ఒప్పుకున్న రేటు ప్రకారం వడ్డీ కలుపుతారు.

వ్యాపారుల హుండీలు, బిల్లులు, అంటే ఫలానా రోజుకు సొమ్ము చెల్లించమని రాసుకునే పత్రాల లెక్క దీనికి తలకిందులు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం చెల్లించాల్సిన తేదీ రాసిన బిల్లు ఆ తేదీ తర్వాత మూడో రోజున మెచ్యూర్ అవుతుంది. ఆ మూడు రోజులూ దయాదినాలు. ఆ మూడో రోజు సెలవైతే దానికి ముందున్న పనిదినానికి జరుగుతుంది, తర్వాతి పనిదినానికి కాదు. కౌంటర్‌లో కొత్త క్లర్కులు తడబడేది ఇక్కడే.

మెచ్యూరిటీ అయిపోయి రెండేళ్లయింది, మర్చిపోయాను. పాత వడ్డీ వస్తుందా?

రెన్యువల్‌కు ముందే సంతకం పెట్టి ఉంటే అదే కాలానికి, ఆ రోజున్న రేటుకు మళ్లీ వేసి ఉంటారు. పెట్టకపోతే 2021 జులైలో రిజర్వు బ్యాంకు చెప్పినదాని ప్రకారం, పొదుపు ఖాతా వడ్డీ లేదా పాత ఒప్పందపు వడ్డీ, ఏది తక్కువైతే అది వస్తుంది. పదేళ్లు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల నిధికి వెళ్తుంది. అక్కడికి వెళ్లినా మీదే, వారసులు కూడా అడిగి తీసుకోవచ్చు. 2023 నుంచి "ఉద్గమ్" పోర్టల్‌లో పేరు కొట్టి వెతుక్కునే వీలుంది. పెద్దవాళ్లు పోయాక బీరువాలో రసీదులు దొరుకుతుంటాయి. పారేసే ముందు ఒకసారి వెతకండి.

ప్రీమెచ్యూర్ క్లోజర్ చేస్తే అసలు కోస్తారా?

సాధారణంగా అసలు కోయరు, వడ్డీలోనే తగ్గిస్తారు. ఎన్నాళ్లు ఉంచారో అన్నాళ్లకున్న రేటు ఇచ్చి, అందులోంచి జరిమానాగా కొంత శాతం తీస్తారు. ఇప్పటికే మీకు ఇచ్చిన వడ్డీ దానికన్నా ఎక్కువుంటే ఆ తేడాను మాత్రం తిరిగి పట్టుకుంటారు. అసలు కోశారనిపించేది అప్పుడే. పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ల డిపాజిట్‌ను ముందే తీయడం కుదరదు, చాలామంది ఇది తెలియకుండానే వేస్తారు. అవసరం చిన్నదైతే మామూలు డిపాజిట్ పగలగొట్టే బదులు దాని మీద లోన్ అడిగి చూడండి.

సుకన్య సమృద్ధి 21 ఏళ్లకు మెచ్యూర్ అంటే, పాపకు 21 నిండినప్పుడేనా?

కాదు, ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లు. పాపకు ఆరేళ్లప్పుడు తెరిస్తే ఆమెకు 27 వచ్చినప్పుడు. మీరు డబ్బు కట్టాల్సింది 15 ఏళ్లే, మిగతా ఆరేళ్లూ వడ్డీ నడుస్తుంది. 18 నిండాక పెళ్లి అయితే ముందే మూసేసుకోవచ్చు. పై చదువుకు సగం దాకా తీసుకోవచ్చు.

ప్రోనోటుకు మెచ్యూరిటీ ఎప్పుడు?

మన దగ్గర రాసే ప్రోనోట్లు దాదాపు అన్నీ "మీరు కోరినప్పుడు చెల్లించగలవాడను" అనే రకం. అంటే గడువు తేదీ ఉండదు, రాసిన రోజు నుంచే అడగొచ్చు. ఉన్నదల్లా కాలదోషం. నోటు తేదీ నుంచి మూడేళ్లలో కోర్టుకు వెళ్లాలి. ఆ లోపు అప్పు తీసుకున్నాయన కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. "మూడేళ్లకు మెచ్యూర్ అవుతుందిలే" అని బీరువాలో పెట్టి నిద్రపోయిన ఒకాయన నాకు తెలుసు. మూడేళ్లకు అది మెచ్యూర్ కాలేదు, చచ్చిపోయింది.

## పెద్ద వయసు

కంట్లో శుక్లం ఇంకా మెచ్యూర్ కాలేదు, ముదిరాక ఆపరేషన్ చేయించమంటున్నారు. ఆగాలా?

"పొర ముదరనీ" అనేది పాత పద్ధతి నాటి మాట. అప్పట్లో కంటి కటకాన్ని మొత్తంగా బయటికి తీయాలి, గట్టిపడితే పని సులువయ్యేది. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో లోపలే పొడి పొడి చేసి తీస్తారు, మెత్తగా ఉన్నప్పుడే అది తేలిక. మరీ ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది. కాబట్టి కొలమానం ముదురు కాదు, మీ అవసరం. పేపరు చదవలేకపోతున్నారా, రాత్రి ఎదురు బండి వెలుగుకు కళ్లు చెదిరిపోతున్నాయా, మెట్టు కనబడక తడబడుతున్నారా? అయితే డాక్టరుతో మాట్లాడే వేళ వచ్చినట్టే.

ఇంగ్లిష్‌లో వయసు మళ్లినవాళ్లను మెచ్యూర్ అనొచ్చా?

అంటారు, ముసలి అనే మాట తప్పించుకోవడానికి. "మెచ్యూర్ లేడీ" అంటే బుద్ధిమంతురాలని కాదు, వయసు మీద పడిందని నాజూకుగా చెప్పడం. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరల కొట్టు కుర్రాడు ఎక్కడో విని, మా ఆవిడ ముందు ఒక చీర పరిచి "మేడమ్, ఇది మెచ్యూర్ కలర్, మీకు బాగుంటుంది" అన్నాడు. ఆవిడ చీర మడతపెట్టి వెనక్కి తోసి, "లేత రంగులుంటే చూపించు బాబూ" అంది.